గ్రంథపాలక వృత్తిలో ఉన్నవారు మారాలనుకుంటే దారులేమిటి, జీతాలెంత?

పెన్నాతీరం:

సభ్యులందరికీ నమస్కారం. నెల్లూరు జిల్లాలోని ఒక ప్రైవేటు ఇంజినీరింగు కళాశాలలో పదకొండేళ్లుగా గ్రంథపాలకురాలిగా పనిచేస్తున్నాను. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎం.ఎల్.ఐ.ఎస్సీ. (గ్రంథాలయ శాస్త్రంలో స్నాతకోత్తరం) చదివాను. వయసు 36 నిండింది. మూలవేతనం 18,000 రూపాయలు. కోతలన్నీ పోను చేతికి వచ్చేది 22,000 లోపే ఉంటుంది. అధ్యాపకులకు ఏటా ఎంతో కొంత పెంపు ఇస్తారు కానీ, గ్రంథాలయం వంతు వచ్చేసరికి "వచ్చే ఏడాది చూద్దాం" అన్న మాటతో సరిపెడుతున్నారు.

జీతం ఒక్కటే కారణమైతే ఇంతగా ఆలోచించేదాన్ని కాదు. ప్రవేశాల కాలంలో తల్లిదండ్రులకు ఫోన్లు చేయడం, పరీక్షల కాలంలో ఇన్విజిలేషన్, మిగతా రోజుల్లో ఆఫీసులో ఎవరు సెలవు పెడితే వారి పని చేయడం నా విధులైపోయాయి. కళాశాలలకు నాణ్యతా గుర్తింపు ఇచ్చే నాక్ బృందం వస్తుందంటే మాత్రం అందరికీ గ్రంథాలయం గుర్తుకు వస్తుంది. ఈ చదువును నేను ఇష్టపడి చదివాను. ఈ పనినీ ఇష్టపడే చేస్తున్నాను. అందుకే అడుగుతున్నాను: ఇదే వృత్తిలో ఉంటూ మెరుగైన జీతం వచ్చే చోటు ఏదైనా ఉందా? లేక నాకు తెలిసిన పనికి వేరే రంగంలో విలువ ఉందా? అత్తగారి ఆరోగ్యం వల్ల, ఏడో తరగతి చదువుతున్న బాబు వల్ల ఊరు వదిలి దూరం వెళ్లలేను. నెల్లూరు, ఒంగోలు, మరీ తప్పనిసరైతే చెన్నై వరకు ఆలోచించగలను.

ఒంగోలు చదువరి:

పెన్నాతీరం గారూ, సలహా చెప్పే ముందు రెండు విషయాలు తెలియాలి. కళాశాల స్థాయి ఉద్యోగాలకు అర్హత పరీక్షలైన యూజీసీ నెట్ గానీ, రాష్ట్ర సెట్ గానీ మీకు ఉందా? మీ గ్రంథాలయాన్ని కంప్యూటరీకరించింది మీరేనా, బయటివారా?

పెన్నాతీరం:

నెట్ లేదండి. పెళ్లికి ముందు ఒకసారి రాశాను, రాలేదు. ఆ తరువాత మళ్లీ రాయలేదు. కంప్యూటరీకరణ మాత్రం నేనే చేశాను. మొదట ఎవరో తయారుచేసి ఇచ్చిన చిన్న సాఫ్ట్‌వేరు ఉండేది. అది ఆగిపోయాక పుస్తకాలన్నింటినీ కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేరులోకి మార్చాను. సర్వరు అమర్చడానికి మా కంప్యూటర్ విభాగంలోని ఒక అబ్బాయి సాయపడ్డాడు. మిగతాదంతా నేను చేసిందే.

పాత రిజిస్టరు:

అమ్మా, నేను జిల్లా గ్రంథాలయ సంస్థలో పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. ముందుగా మా వైపు సంగతి చెబుతాను, ఎందుకంటే గ్రంథాలయమనగానే చాలామంది ప్రభుత్వ శాఖా గ్రంథాలయాల వైపే చూస్తారు. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతుంది. పుస్తకాలు, పత్రికలు, అద్దెలు, నిర్వహణ అన్నీ ప్రధానంగా దాని మీదే ఆధారపడి ఉంటాయి. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసిన ఆ సొమ్మును సకాలంలో సంస్థకు జమ చేయకపోతే గ్రంథాలయం పత్రికల బిల్లు కట్టడానికి కూడా ఇబ్బంది పడుతుంది. ఖాళీలు ఉన్నా నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోవడం మేము కళ్లారా చూసినదే. గ్రంథాలయోద్యమం పుట్టిన నేల మనది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసింది. మొన్నటి వరకు ప్రకాశం జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లిన ఆ ఊరికి పాత పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ వస్తారు. ఇంత చరిత్ర ఉన్నచోట మీబోటి చదువుకున్నవారికి సరైన ఉద్యోగం చూపలేకపోతున్నందుకు నాకు నిజంగా బాధగా ఉంది. ప్రకటన వస్తే తప్పక దరఖాస్తు చేయండి, కానీ దాని కోసం ఎదురుచూస్తూ వేరే ప్రయత్నాలు ఆపవద్దు.

ఒంగోలు చదువరి:

మాస్టారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. నా ఉద్దేశంలో ఈ వృత్తిలో జీతం తేడా మనిషి సామర్థ్యం వల్ల కన్నా, ఉద్యోగం ఏ వేతన పట్టికలో ఉందన్న దాని వల్లే ఎక్కువగా వస్తుంది. అదే పుస్తకాన్ని అదే పద్ధతిలో వర్గీకరించే ఇద్దరిలో ఒకరు 22,000 దగ్గర, మరొకరు దానికి మూడు రెట్ల దగ్గర ఉంటారు. అందుకే మొదట పట్టికలను చూడాలి.

కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ విద్యాలయాల్లో లైబ్రేరియన్ పోస్టు ఏడో వేతన సంఘం లెవెల్ 7లో ఉంది. మూలవేతనం 44,900తో మొదలవుతుంది. దాని మీద కరువు భత్యం వస్తుంది. నెల్లూరు కేంద్ర ఉద్యోగుల ఇంటి అద్దె భత్యం లెక్కలో వై తరగతి నగరం కాబట్టి 20 శాతం, అంటే 8,980 రూపాయలు అదనంగా వస్తాయి. ఒంగోలు జెడ్ తరగతిలో ఉన్నందున ఇక్కడ 10 శాతమే. శ్రీహరికోటతో సహా ఇస్రో కేంద్రాల్లో లైబ్రరీ అసిస్టెంట్ ఉద్యోగమూ అదే లెవెల్ 7. దానికి గ్రంథాలయ శాస్త్రంలో ప్రథమ శ్రేణి స్నాతకోత్తర పట్టా ఉండాలి. ఈ ఉద్యోగాలకు సాధారణంగా గరిష్ఠ వయసు 35 ఏళ్లు. మీకు వర్గాన్ని బట్టి ఏ సడలింపు వర్తిస్తుందో ప్రకటన వచ్చిన రోజే చూసుకోవాలి. ఈ ఉద్యోగాలంటే దేశంలో ఎక్కడికైనా బదిలీ అయ్యే అవకాశం ఉంటుందన్న సంగతి కూడా ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

యూజీసీ పట్టికలో అసిస్టెంట్ లైబ్రేరియన్, కళాశాల లైబ్రేరియన్ పోస్టులకు అకడమిక్ లెవెల్ 10, ప్రవేశ వేతనం 57,700. దీనికి స్నాతకోత్తరంలో 55 శాతం మార్కులు, నెట్ లేదా సెట్ కావాలి, లేదా నిబంధనల ప్రకారం చేసిన పీహెచ్‌డీ ఉండాలి. నెట్‌కు వయోపరిమితి లేదు. జేఆర్ఎఫ్ అనే పరిశోధన భత్యానికి 30 ఏళ్లు, మహిళలకు మరో ఐదేళ్ల సడలింపు; అది మీకు దాటిపోయింది, కానీ ఉద్యోగ అర్హతకు జేఆర్ఎఫ్ అక్కర్లేదు. మొదటి పేపరులో 50 ప్రశ్నలకు 100 మార్కులు, రెండో పేపరులో 100 ప్రశ్నలకు 200 మార్కులు, తప్పు సమాధానానికి కోత లేదు. రోజూ కేటలాగు పని చేసే మీకు రెండో పేపరులో సగం భాగం చేతిలో ఉన్న పనే. నెట్ రాయకుండా ఈ వృత్తి వదిలేయడం సరికాదని నా అభిప్రాయం.

గూడూరు నుంచి చెన్నై:

ఒంగోలు చదువరి గారి మాటలు నిజమే కానీ, అందులో ఒక కీలకమైన విషయం మిగిలిపోయింది. నెట్ అర్హత వచ్చినంత మాత్రాన 57,700 చేతికి రాదు. ఆ జీతం ఇచ్చే ఖాళీ ఉండాలి. మన రెండు జిల్లాల్లో నెట్ ఉండి కూడా ప్రైవేటు కళాశాలల్లో 25,000కు పనిచేస్తున్నవారు నాకు తెలుసు. అర్హత సంపాదించండి, కాదనను. ఇంటి ఖర్చు మాత్రం దాని కోసం ఆగదు.

నేను కూడా ఎం.ఎల్.ఐ.ఎస్సీ. చేసి, కొంతకాలం కళాశాలలో పనిచేసి బయటికి వచ్చినవాడిని. ఇప్పుడు చెన్నైలో, విదేశీ ప్రచురణ సంస్థలకు పత్రికల వ్యాసాలను సిద్ధం చేసి ఇచ్చే కంపెనీలో మెటాడేటా విభాగంలో ఉన్నాను. వ్యాసానికి విషయ పదాలు కేటాయించడం, రచయితల పేర్లు, సంస్థల పేర్లు ఒకే రూపంలో ఉండేలా చూడటం, వ్యాసం చివరి రిఫరెన్సులను సరిచూడటం నా పని. మొదట 28,000కు చేరాను, ఇప్పుడు 52,000 వస్తోంది. వారంలో మూడు రోజులు ఇంటి నుంచి పనిచేయనిస్తారు కాబట్టి మిగతా రోజులు రైల్లో వెళ్లి వస్తున్నాను. సంస్థలు తమ అంతర్గత పత్రాలను వర్గీకరించే నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ విభాగాల్లోను, ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీల కేటలాగు విభాగాల్లోను కూడా ఇదే తరహా పని ఉంటుంది. ప్రకటనల్లో "లైబ్రేరియన్" అన్న పదం కనిపించదు. మెటాడేటా, టాక్సానమీ, కంటెంట్, నాలెడ్జ్ అన్న పదాలతో వెతకాలి.

మీరు మీ సీవీలో "కోహా తెలుసు" అని రాసి ఉంటారు. అలా రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. పాత సాఫ్ట్‌వేరు నుంచి పుస్తకాలను ఎలా మార్చారో వివరంగా చెప్పగలరా?

పెన్నాతీరం:

చెబుతాను. పాత సాఫ్ట్‌వేరు నుంచి ఎక్సెల్ పట్టిక మాత్రమే బయటికి వచ్చింది, అందులోనూ చాలా గడులు ఖాళీగా ఉన్నాయి. ఒకే రచయిత పేరు ఒకచోట ఇంటిపేరు ముందు, మరోచోట చివర, ఇంకోచోట పొడి అక్షరాలతో ఉండేది. వాటిని, వచ్చిన పుస్తకాలను వరుస సంఖ్యతో నమోదుచేసే యాక్సెషన్ రిజిస్టరుతో పోల్చి సరిదిద్దాను. తరువాత మార్క్‌ఎడిట్‌లో పట్టికలోని ఒక్కో నిలువు వరుసను మార్క్ 21 అనే కేటలాగు ప్రమాణంలోని క్షేత్రానికి జతచేశాను: రచయిత 100కు, శీర్షిక 245కు, డ్యూయీ వర్గీకరణ సంఖ్య 082కు, మా దగ్గరున్న కాపీ వివరాలు, బార్‌కోడు 952కు. మొదట కొద్ది పుస్తకాలను మాత్రమే ఎక్కించి చూశాను. ఒకే పుస్తకానికి పది ప్రతులుంటే పది వేర్వేరు పుస్తకాలుగా కనిపించాయి. అందుకని ఐఎస్‌బీఎన్ ఆధారంగా ముందే కలిపి, ఒక రికార్డు కింద పది ప్రతులు వచ్చేలా మార్చాను. తెలుగు పుస్తకాల శీర్షికలు పాత ఫాంటులో ఉండి యూనికోడ్‌లోకి రాలేదు. వాటిని మాత్రం పుస్తకం చేతిలో పట్టుకుని ఒక్కొక్కటిగా టైపు చేశాను.

గూడూరు నుంచి చెన్నై:

మీరు ఇప్పుడు రాసిన ఈ పేరానే మీ సీవీ అండి. దీన్ని మా రంగంలో డేటా మైగ్రేషన్, డేటా శుద్ధి, డూప్లికేట్ల తొలగింపు అంటారు. కోహా ఎక్కించి ఇచ్చే చిన్న సేవా సంస్థలు కళాశాలల నుంచి ఈ పనికే డబ్బు తీసుకుంటాయి. నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టూ ఎన్ని డిగ్రీ, ఇంజినీరింగు, నర్సింగు కళాశాలలు ఇంకా రిజిస్టర్ల మీద నడుస్తున్నాయో మీకే తెలుసు. మీ నియామక షరతులు ఒప్పుకుంటే, రాతపూర్వక అనుమతితో ఆదివారాల్లో ఒకటి రెండు చోట్ల చేసి చూడండి. పుస్తకానికి ఇంత అని కాక, పని మొత్తానికి ధర మాట్లాడుకోండి. పాత డేటా ఎంత చెడి ఉందో చూడకుండా ధర చెప్పవద్దు.

డాక్యుమెంటు గది:

కృష్ణపట్నం వైపు ప్రాజెక్టుల్లో పనిచేసేవాడిగా మరో దారి చెబుతాను, ఎందుకంటే మన జిల్లాకు ఇది దగ్గరి విషయం. థర్మల్ విద్యుత్కేంద్రాలు, ఓడరేవు నిర్మాణ పనులు, పెద్ద పరిశ్రమల్లో డాక్యుమెంట్ కంట్రోలర్ అనే ఉద్యోగం ఉంటుంది. ఒక్కో డ్రాయింగుకు సంఖ్య ఇవ్వడం, పాత రివిజన్ ఎవరి చేతిలోనూ మిగలకుండా వెనక్కి తీసుకోవడం, కొత్తది ఎవరికి, ఏ తేదీన పంపామో ట్రాన్స్‌మిటల్ రాసిపెట్టడం అతని పని. ఐఎస్ఓ 9001 నాణ్యతా ప్రమాణం తనిఖీకి వచ్చినవారు మొదట అడిగేది ఈ రికార్డులనే. పాత రివిజన్ చూసి పునాది పోస్తే జరిగే నష్టం లక్షల్లో ఉంటుంది. అందుకని ఈ ఉద్యోగికి సైట్‌లో గౌరవం ఉంటుంది. ఇంజినీరింగు చదివినవారినే తీసుకోవాలన్న నియమం అన్నిచోట్లా లేదు. మా సైట్‌లో ఈ పని చేసే ఆమె డిగ్రీ చదివి, 30,000 పైన తీసుకుంటున్నారు. అనుభవం వచ్చాక గల్ఫ్‌కు వెళ్లినవారూ ఉన్నారు. ఇబ్బంది ఏమిటంటే, ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగం కూడా ముగుస్తుంది, ఆదివారం కూడా పని ఉండవచ్చు. ఇంట్లో పెద్దవారిని చూసుకోవాల్సిన మీరు ఈ విషయం అడిగి తెలుసుకున్నాకే చేరాలి.

ఒంగోలు చదువరి:

డాక్యుమెంటు గది గారి పట్ల గౌరవంతోనే నా అభ్యంతరం చెబుతున్నాను. పదకొండేళ్ల అనుభవం ఉన్న గ్రంథపాలకురాలిని తాత్కాలిక ప్రాజెక్టు ఉద్యోగానికి పంపడం నాకు సమ్మతం కాదు. పాఠకుడికి పుస్తకం అందించే పని ఒకటుంటుంది కదా, అది ఎక్కడికి పోవాలి? మంచి గ్రంథపాలకులంతా కంపెనీల్లోకి వెళ్లిపోతే ఈ కళాశాలల్లో పిల్లలకు వ్యాసం వెతకడం నేర్పేదెవరు?

డాక్యుమెంటు గది:

ఆ బాధ్యతను 22,000 జీతంతో ఒక్కరి మీద పెట్టడం న్యాయం కాదన్నదే నా మాట. కళాశాల యాజమాన్యాలను ఆ ప్రశ్న అడగాలి, ఆమెను కాదు.

వైద్య గ్రంథాలయం:

ఈ ఇద్దరికీ మధ్యలో ఒక దారి ఉంది. నేను నెల్లూరులో ఒక వైద్య కళాశాల గ్రంథాలయంలో ఉన్నాను. మా దగ్గర స్నాతకోత్తర విద్యార్థులందరూ థీసిస్ రాయాలి, అధ్యాపకులు పదోన్నతి కోసం పరిశోధన వ్యాసాలు ప్రచురించాలి. అందువల్ల వైద్య పరిశోధన వ్యాసాలను వెతికే పబ్‌మెడ్ వెబ్‌సైటులో సరిగ్గా వెతికిపెట్టగల గ్రంథపాలకుడి కోసం వారే వచ్చి కూర్చుంటారు. మధుమేహ రోగుల్లో పాదాల పుండ్ల మీద ఒక పీజీ విద్యార్థి వెతికితే వేల ఫలితాలు వచ్చాయి. మెష్ పదాలు (వ్యాసాలకు పబ్‌మెడ్ కేటాయించే ప్రామాణిక విషయ పదాలు) ఎంచుకుని, భారతదేశం అన్న పరిమితి పెట్టి, అధ్యయన రకాన్ని నిర్ణయించి వెతికితే అవి చదవగలిగినంతకు తగ్గాయి. ఆ విద్యార్థి గైడు తరువాత తన విభాగం మొత్తానికి తరగతి చెప్పమన్నారు. నా జీతం 34,000. గొప్ప జీతమని చెప్పను, కానీ నాలుగేళ్లలో రెండుసార్లు పెరిగింది, ప్రవేశాల ఫోన్లు నాకు అప్పగించలేదు.

శ్రీసిటీలోని ట్రిపుల్ ఐటీ, క్రియా విశ్వవిద్యాలయం, తిరుపతిలోని ఐఐటీ, ఐసర్ వంటి చోట్ల వచ్చే ప్రకటనలను కూడా చూస్తూ ఉండండి. 2025 జనవరి 1 నుంచి అమలవుతున్న "ఒకే దేశం, ఒకే చందా" పథకంలో ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13,000 పరిశోధన పత్రికలు అందుతున్నాయి. చందా వచ్చినంత మాత్రాన విద్యార్థులు వాటిని వాడరు, చూపించేవారు కావాలి. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను అనుసంధానించే యూజీసీ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఇచ్చే శిక్షణలు, వ్యాసచౌర్య పరీక్ష సాఫ్ట్‌వేరు, పీహెచ్‌డీ థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగ గురించి తెలిసినవారికి ఇంటర్వ్యూల్లో అనుకూలత ఉంటుంది.

కనిగిరి:

నాదీ పెన్నాతీరం గారి పరిస్థితే. మాటల తీవ్రతలో రాజీనామా చేయకండి అని మాత్రం చెప్పగలను. మా కళాశాలలో ఒక సహోద్యోగి కోపంతో వదిలి వెళ్తే, స్టాక్ వెరిఫికేషన్ పూర్తి కాలేదని ఆరు నెలలు అనుభవ ధ్రువపత్రం ఇవ్వలేదు. పుస్తకాల లెక్క మన సంతకం మీద ఉంటుంది. పోయినవి, చిరిగినవి, అధ్యాపకుల దగ్గర ఉండిపోయినవి జాబితా చేసి, ప్రిన్సిపాల్ సంతకం తీసుకున్నాకే రాజీనామా ఇవ్వాలి.

పాత రిజిస్టరు:

కనిగిరి వారు సరైన మాట చెప్పారు. దానికి డబ్బు విషయం జోడిస్తాను. ఐదేళ్లు దాటిన ఉద్యోగికి గ్రాట్యుటీ హక్కు ఉంటుంది. చివరి మూలవేతనం, కరువు భత్యం కలిపి, దాన్ని 26తో భాగించి, 15తోను, పనిచేసిన ఏళ్లతోను గుణించాలి. అమ్మాయి చెప్పిన 18,000 మూలవేతనం మీదనే చూసినా పదకొండేళ్లకు సుమారు 1,14,000 రూపాయలు రావాలి. యాజమాన్యం తానుగా చెప్పకపోవచ్చు, దరఖాస్తు రాతపూర్వకంగా ఇవ్వాలి. పీఎఫ్ సొమ్మును బయటికి తీయకుండా అదే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి శాశ్వత సంఖ్య) మీద కొత్త చోటికి బదిలీ చేసుకోవాలి. పింఛను పథకంలో సభ్యత్వం పదేళ్లు దాటి ఉంటే పింఛనుకు అర్హత వచ్చినట్టే. పీఎఫ్ పాసుబుక్కులో పింఛను వాటా మొదటి నెల నుంచీ జమైందో లేదో ఈ వారమే చూసుకోమ్మా.

పెన్నాతీరం:

పాసుబుక్కు చూశానండి. చేరిన మొదటి ఏడాది జమ కనిపించడం లేదు. ఆ తరువాత పది సంవత్సరాలకు పైగా ఉంది. మొదటి ఏడాది గురించి అకౌంట్సు విభాగానికి ఉత్తరం రాస్తున్నాను.

మీ అందరి మాటలు చదివాక ఒక నిర్ణయానికి వచ్చాను. కళాశాలలోనే ఉంటూ ఈసారి నెట్ రాస్తాను. వైద్య కళాశాలల ప్రకటనలకు దరఖాస్తు చేస్తాను, దానికి ముందు పబ్‌మెడ్ వెతుకులాట నేర్చుకుంటాను. ప్రిన్సిపాల్ గారి అనుమతి దొరికితే కావలిలోని ఒక నర్సింగు కళాశాలకు కోహా పని చేస్తాను. వారు ఇదివరకే అడిగి ఉన్నారు. ప్రాజెక్టు ఉద్యోగం ఇప్పటికి వద్దనుకుంటున్నాను. అయితే ఒక సందేహం ఉంది. వైద్య గ్రంథాలయంలో ఎన్నడూ పనిచేయని నన్ను వారు ఎందుకు తీసుకోవాలి? ఇంటర్వ్యూలో ఏమి చూపించాలి?

వైద్య గ్రంథాలయం:

పబ్‌మెడ్ ఉచితం, ఎవరి అనుమతీ అక్కర్లేదు. నెల్లూరు ప్రాంతంలో వైద్యులు పనిచేసే మూడు విషయాలు ఎంచుకోండి: పాముకాటు, ఫ్లోరైడు నీరు, రొయ్యల చెరువుల కార్మికుల చర్మవ్యాధుల వంటివి. ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమ మండలాల్లో ఫ్లోరైడు సమస్య ఉంది కాబట్టి అది వారికి వెంటనే అర్థమవుతుంది. ఒక్కో విషయానికి మీరు వాడిన మెష్ పదాలు, వాటిని కలిపిన తీరు, వడపోతకు ముందు, తరువాత వచ్చిన ఫలితాల సంఖ్య, చివరికి మిగిలిన వ్యాసాల జాబితా వాంకూవర్ అనే రిఫరెన్సు పద్ధతిలో ఒక్కో పేజీలో రాసి, మూడింటినీ ప్రింటు తీసుకెళ్లండి. కోహా మార్పిడి గురించి మీరు ఇక్కడ రాసిన పేరాను నాలుగో పేజీగా చేర్చండి. మొదటి విషయం పూర్తయ్యాక వెతికిన తీరును ఇక్కడ పెడితే, పదాల ఎంపిక నేను చూసి చెబుతాను.